నకలు అడిగితే అసలు

ఆసుపత్రి రక్తనిల్వ విభాగంలో అందరూ అతన్ని మెకానిక్ అనే పిలుస్తారు. కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి మెకానిక్ అనడమేమిటని కొత్తగా వచ్చిన డాక్టర్లు అడుగుతుంటారు గానీ, అతనికి ఆ పిలుపు మీద ఏ పట్టింపూ లేదు. చిన్నతనంలో రేడియోలు విప్పాడు. మీసాలొచ్చాక స్టెబిలైజర్లకు తీగ చుట్టాడు. అవి పోయి కంప్యూటర్లు వస్తే వాటినీ విప్పాడు. ప్రోగ్రాములు రాయడం కూడా అలాగే పట్టుబడింది. ఎవరో రాసి వదిలేసి వెళ్ళినదాన్ని ముక్క ముక్క ఊడదీసి, ఏది తీస్తే ఏది ఆగిపోతుందో చూసి నేర్చుకున్నాడు. పని గురించి ఎవరైనా ఉపన్యాసం మొదలుపెడితే మధ్యలో లేచి టీకి వెళ్ళిపోయే రకం.

ఇంట్లో ఉండేది ముగ్గురు. అతను, భార్య, భార్య తమ్ముడు. బామ్మర్దికి పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారు కాని జబ్బు. నెల తిరక్కముందే ఎవరిదో ఒక సంచి రక్తం ఎక్కితే తప్ప మనిషి నిలబడడు. పెళ్ళి మాటలప్పుడే భార్య తేల్చి చెప్పింది. "నాతోపాటు మా తమ్ముడూ వస్తాడు. వాణ్ణి చూసి ముఖం ముడుచుకునే పనైతే ఇప్పుడే వద్దనండి." మెకానిక్ వద్దనలేదు.

బామ్మర్ది బండ్లకు నంబర్ ప్లేట్లు రాస్తాడు. కూర్చుని చేసుకునే పని. మనిషి కూర్చుంటాడు గానీ నోరు కూర్చోదు. "మా బావ పెద్ద డాక్టరండీ. ఏ రోగమొచ్చినా ముందు ఆపేసి మళ్ళీ ఆన్ చేస్తాడు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్తాడు. ఆ ఇంట్లో నవ్వు ఎక్కువగా అతని మూలంగానే.

ఆ రోజు పొద్దున మాత్రం ఆసుపత్రి మెట్ల మధ్యలో ఆగిపోయాడు. పెదాలు సున్నం రాసినట్టున్నాయి.

"ఏరా, ఎత్తుకోనా?" అన్నాడు మెకానిక్.

"వద్దు బావా. నీ నడుం పట్టేస్తే అక్క నన్ను చంపుతుంది. ఈసారి కాస్త ఆలస్యమైంది కదా, బ్యాటరీ దిగిపోయింది."

పై వార్డులో పడుకోబెట్టారు. నమూనా కిందికొచ్చింది. రక్తనిల్వ విభాగంలో పరీక్షలన్నీ చేసేది ల్యాబ్ అక్క. ఆ గదిలో తల నెరిసిన మనిషి. ఆమె చెయ్యి పడని సంచి అక్కణ్ణుంచి కదలదు. గ్రూపు కలిపింది, సంచిలోని రక్తాన్నీ బామ్మర్ది రక్తాన్నీ కలిపి చూసింది, స్క్రీన్ మీద పాత వివరాలు చూసింది. యాంటీబాడీలు: ఏమీ లేవు. సంచి పైకి పంపింది.

పంపాక టీ గ్లాసు పట్టుకుని మెకానిక్ బల్ల దగ్గరికి వచ్చింది.

"తమ్ముడూ, పోయిన వానల్లో మీ బామ్మర్దికే కదూ ఏదో యాంటీబాడీ దొరికింది?"

"స్క్రీన్ మీద లేదుగా అక్కా."

"లేదు కాబట్టే అడుగుతున్నా. నేను కంప్యూటర్లో ఎక్కించినట్టే గుర్తు. మరి ఇంకెవరిదో ఏమో. రోజుకి ఇంతమందిని చూస్తుంటే నా మొహం నాకే గుర్తుండట్లేదు."

"ఇవాళ కలిపి చూశారుగా. బాగానే ఉందిగా?"

"ఇవాళ బాగానే ఉంది. ఇందులో వచ్చిన చిక్కే అది."

ఆ చిక్కు మెకానిక్‌కూ తెలుసు. మాటిమాటికీ పరాయి రక్తం ఎక్కించుకునేవాళ్ళలో కొందరి ఒళ్ళు ఆ రక్తకణాల మీద ఉండే ఏదో ఒక గుర్తుకు ఎదురు తిరుగుతుంది. ఆ ఎదురు తిరిగేదాన్నే యాంటీబాడీ అంటారు. కొన్ని రకాలు కొన్ని నెలలు పోయాక పరీక్షకు కూడా అందనంతగా సద్దుమణుగుతాయి. కానీ ఒళ్ళు మరిచిపోదు. అదే గుర్తున్న రక్తం మళ్ళీ ఎక్కితే కొన్ని రోజుల్లో పగబట్టినట్టు లేచి, ఎక్కిన రక్తాన్నంతా విరగ్గొడుతుంది. మూత్రపిండాల మీదికి వస్తుంది. ప్రాణం మీదికీ వస్తుంది. అందుకే ఒక్కసారి కనబడిన యాంటీబాడీని జన్మంతా రాసి ఉంచాలి. పరీక్ష మరిచిపోయినా కంప్యూటరు మరిచిపోకూడదు.

మెకానిక్ కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. సరిచూసుకోవడానికని పెట్టుకున్న ఉత్తుత్తి రోగి ఒకడున్నాడు. వాణ్ణి తెరిచాడు. ఖాళీగా ఉన్న యాంటీబాడీల జాబితాలో ఒకటి చేర్చాడు. సేవ్ నొక్కాడు. పచ్చగా టిక్కు పడింది. మూసి మళ్ళీ తెరిచాడు.

జాబితా ఖాళీ.

ఇంకోసారి చేశాడు. పచ్చ టిక్కు. ఖాళీ.

గ్లాసు బల్ల మీద పెట్టబోయి ల్యాబ్ అక్క అలాగే ఉండిపోయింది. "ఏమిటది?"

అతను అప్పటికే లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. లిఫ్టు కోసం ఆగలేదు. వార్డు తలుపు తోసుకుని వెళ్ళేసరికి ఎర్రటి గొట్టం బామ్మర్ది చేతిలోకి దిగి ఉంది. చుక్కలు నింపాదిగా పడుతున్నాయి.

"ఆపండి!"

నర్సు తిరిగి చూసింది. "ఏంటండీ? డాక్టరు గారు చెప్పాలిగా."

"ముందు ఆపండమ్మా. చెప్పించుకుందాం, ముందు ఆపండి."

అతని ముఖం చూసి ఆమె చిన్న చక్రం తిప్పేసింది. చుక్క ఆగింది. సంచిలో సగానికి పైనే మిగిలి ఉంది. అంటే సగానికి దగ్గరగా లోపలికి వెళ్ళిపోయింది.

"బావా," అన్నాడు బామ్మర్ది కళ్ళు తెరవకుండానే. "ఆపేశావు సరే. మళ్ళీ ఆన్ ఎప్పుడు?"

ఎప్పుడూ నవ్వొచ్చే మాటే. మెకానిక్ డాక్టరు కోసం బయటికి నడిచాడు.

*

పెద్ద డాక్టరు గదిలో ల్యాబ్ అక్క పక్కన నిలబడి, మెకానిక్ జరిగినదంతా చెప్పాడు. ఏదీ దాచలేదు, దాచే తీరికా లేదు.

ప్రోగ్రాము భాష వేరు, డేటాబేస్ భాష వేరు. ప్రోగ్రాముకు రోగి అంటే పేరు, వయసు, గ్రూపు అన్నీ కలిసిన ఒక మూట. డేటాబేస్‌కు రోగి అంటే పట్టికలో ఒక వరస. పాత ప్రోగ్రాములో ఈ రెండింటి మధ్యా ప్రతి మాటనూ మెకానిక్ చేత్తోనే రాసి పెట్టాడు. డాక్టరు ఏ చిన్న మార్పు అడిగినా పాతిక చోట్ల దిద్దాల్సి వచ్చేది. ఆ బాధ పడలేక వానలకు ముందు మధ్యలో ఒక లేయరు పెట్టాడు. ఓఆర్ఎమ్ అంటారు దాన్ని. అటుదిటూ ఇటుదటూ చెప్పే దుబాసీ అనుకోవచ్చు.

అంకెలు, అక్షరాలు, తేదీలు అన్ని డేటాబేసుల్లోనూ ఉంటాయి కాబట్టి వాటి సంగతి దుబాసీకి పుట్టుకతోనే తెలుసు. వీళ్ళ డేటాబేస్‌కు మాత్రం సొంతంగా ఇంకో రకం ఉంది. ఒకే గడిలో జాబితా మొత్తం పట్టేస్తుంది. యాంటీబాడీలు ఉండేది అలాంటి గడిలోనే. ఆ రకం గురించి దుబాసీకి మనమే నేర్పాలి. అందుకు కొన్ని లైన్లు రాయాలి. గడిలోంచి ఎలా చదవాలి, గడిలోకి ఎలా రాయాలి. ఆ రెండూ మెకానిక్ శుభ్రంగా రాశాడు.

ఇంకోటి ఉంది. రోగి వివరాలు తెరవగానే లేయరు వాటికో నకలు తీసి పక్కన పెట్టుకుంటుంది. సేవ్ నొక్కినప్పుడు ఆ నకలుతో పోల్చి చూసి, తేడా ఉంటేనే డేటాబేస్‌కు కబురు పంపుతుంది. తనకు తెలియని రకమైతే నకలు కూడా మన లైన్లనే అడుగుతుంది. అక్కడ మెకానిక్ నకలు చెయ్యకుండా వచ్చిందాన్నే తిరిగి ఇచ్చేశాడు. అక్షరాల రకానికి అలా ఇచ్చినా పరవాలేదు. అక్షరాలు మారవు, మారిస్తే కొత్తవి వచ్చి కూర్చుంటాయి. అంతకుముందు ఒక అక్షరాల రకానికి రాసుకున్న లైన్లనే ఇక్కడికి తెచ్చి పెట్టాడు. జాబితా అలా కాదు. ఉన్నదాంట్లోనే ఇంకోటి చేరుతుంది. అసలు దగ్గర చేర్చింది నకలులోనూ కనబడుతుంది, ఎందుకంటే రెండూ ఒకటే. లేయరు రెంటినీ పోల్చింది, తేడా లేదనుకుంది, కబురు పంపలేదు, పని అయిపోయిందని పచ్చ టిక్కు పెట్టింది.

కొత్త రోగిని జాబితాతో సహా చేర్చి చూశాడు, సరిగ్గా పనిచేసింది. ఉన్నదాన్ని తెరిచి చూశాడు, పనిచేసింది. పాత రోగి జాబితాలోకి ఇంకోటి చేర్చి చూడలేదు. పాత రోగులంటేనే మళ్ళీ మళ్ళీ రక్తానికి వచ్చేవాళ్ళు. యాంటీబాడీలు పుట్టేదే వాళ్ళకు.

"బ్యాకప్ ఉంటుందిగా?" అన్నాడు డాక్టరు.

"ఉంది సార్. లోపలికి రానిది బ్యాకప్‌లో కూడా ఉండదు."

"పరీక్ష చేసిన కాగితాలు?"

ల్యాబ్ అక్క నేల చూపులు చూసింది. ఒకే సంగతి రెండుసార్లు రాయడం ఎందుకక్కా, అన్నీ ఇందులో ఉంటాయిగా అని చెప్పి కాగితాలు మాన్పించింది మెకానిక్కే. అతను ఆ మాట కూడా చెప్పాడు.

డాక్టరు తిట్టలేదు. తిడితే కాస్త తేలికగా ఉండేదేమో. "ఎంతమంది?" అన్నాడు.

"తెలుసుకునే దారి లేదు సార్. వానల నుంచీ వచ్చిన పాత రోగులందరూ అనుకోవాలి."

"అందరికీ ఫోన్లు చేయించండి. ఈవిడ మళ్ళీ చూడకుండా ఎవరికీ ఒక్క సంచి కదలకూడదు. పైనున్న కుర్రాడికి ఇప్పుడు రక్తం ఎక్కించకపోతే సాయంత్రం దాకా ఆగేలా లేడు. ఎక్కించాలంటే ఏది ఎక్కించాలో తెలియదు. ఏం చేద్దాం?"

అప్పుడు ల్యాబ్ అక్క తలెత్తింది. "పసివాడప్పుడు, మొదటి సంచి ఎక్కించకముందు, వాడి సొంత కణాల మీద ఏ గుర్తులున్నాయో మా గురువుగారు చూసి పెట్టారు సార్. అవి పాత ప్రోగ్రాములో ఎక్కించినవి, చెక్కు చెదరవు. వాడికి లేని గుర్తు ఒక్కటి కూడా లేని రక్తం ఇస్తే, ఆ యాంటీబాడీ ఏదైనా గానీ, దానికి కొరకడానికి ఏమీ దొరకదు."

"అలాంటిది మన దగ్గర ఉందా?"

ఇద్దరూ మెకానిక్ వైపు చూశారు.

దాతల గుర్తులు కూడా అదే రకం గడుల్లో ఉన్నాయి. ఈ జాబితాలో ఉన్నవేవీ ఆ జాబితాలో లేని సంచులు చూపించు అని అడగడానికి లేయరు భాషలో మాటే లేదు. దాన్ని నమ్మబుద్ధీ కాలేదు. మెకానిక్ దాన్ని పక్కకు నెట్టి, డేటాబేస్‌తో దాని సొంత భాషలోనే నేరుగా మాట్లాడాడు. ఎన్నాళ్ళ కిందటో వదిలేసిన చేతిపని. వేళ్ళు తడబడ్డాయి. ఒక కామా దగ్గర తప్పుపోయి డేటాబేస్ కసిరింది.

"నిదానం తమ్ముడూ."

"నిదానానికి టైమెక్కడుందక్కా?"

రెండోసారి నొక్కాడు. ఒకే ఒక్క వరస వచ్చింది. ఒక సంచి. ఫ్రిజ్‌లో ఉంది.

ల్యాబ్ అక్క పరుగెత్తలేదు. రక్తం పట్టుకుని పరుగెత్తకూడదన్నది ఆమె పద్ధతి. సంచిని మళ్ళీ మొదట్నుంచీ పరీక్షించి, తానే రెండు చేతులా పట్టుకుని పైకి తీసుకెళ్ళింది. సాయంత్రానికి బామ్మర్ది పెదాలకు కాస్త రంగొచ్చింది. రేపో ఎల్లుండో ఇంటికి పంపుతామన్నారు. కానీ పొద్దున వెళ్ళిన ఆ సగం సంచిని ఎవరూ వెనక్కి తియ్యలేరు. "ఏమీ కాకపోవచ్చు," అన్నాడు డాక్టరు. "అయితే వారం పది రోజుల్లో తెలుస్తుంది. జ్వరం చూడండి, కళ్ళు పచ్చబడతాయేమో చూడండి, మూత్రం రంగు చూడండి."

*

భార్యకు ఆ సాయంత్రమే చెప్పాడు. ఆమె స్టౌ మీద గిన్నె దించి, మంట ఆపి, గోడకు ఆనుకుని నిలబడింది.

"ఆ యాంటీబాడీ ఏదో వాడికే అని ఖాయమా?"

"ఖాయం కాదు."

"కాదని ఖాయమా?"

"అదీ కాదు."

"మరి ఏం తెలుసు మీకు?"

ఆ తర్వాత ఆమె అతనితో అవసరమైన మాటలే మాట్లాడింది. అన్నం పెట్టింది, చొక్కా ఉతికింది. తమ్ముడు ఇంటికి వచ్చాక వాడి గది గుమ్మం దగ్గరే కూరగాయలు తరగడం మొదలుపెట్టింది.

మెకానిక్ పగలంతా ఆసుపత్రిలో ఆ లైన్లు సరిచేశాడు. నకలు అడిగితే నిజంగా నకలు ఇచ్చేలా. మొత్తం కలిపి ఒక్క లైను మారింది. ఫోన్లు చేశాడు. కొందరు ఎత్తారు, కొందరి నంబర్లు మారిపోయాయి. ఎత్తినవాళ్ళకు ఎలా చెప్పాలో ప్రతిసారీ తెలిసేది కాదు. "మీ వివరాల్లో ఒక పొరపాటు జరిగిందండీ" అనేవాడు. "ఎవరి పొరపాటు?" అని ఒక తల్లి అడిగింది. "నాదేనమ్మా" అన్నాడు. ఆవిడ "మా పాపను ఎప్పుడు తీసుకురమ్మంటారు?" అంది.

ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండానే అడిగేవాడు. "జ్వరముందా?"

"లేదు బావా. నువ్వలా చూస్తే మాత్రం వచ్చేలా ఉంది."

"కళ్ళు చూపించు."

"నిన్న చూశావుగా. అవే కళ్ళు, మార్చలేదు." కింది రెప్ప లాగి చూపించేవాడు. "బావా, ఒకటి చెప్పనా? నంబర్ ప్లేటు మీద నేను ఒక్క అంకె తప్పు రాస్తే పోలీసులు బండినే పట్టుకెళ్తారు. రాసినవాణ్ణి ఎవరూ అడగరు. నీది మంచి ఉద్యోగం కాదు."

నవ్వించడానికే అన్నాడు. మెకానిక్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

వారం తిరక్కముందే ఒక పొద్దున బామ్మర్ది బాత్‌రూమ్ తలుపు కొద్దిగా తెరిచి, గొంతు తగ్గించి పిలిచాడు. "బావా, ఒకసారి ఇలా రా. అక్కను పిలవకు."

పింగాణీ మీద రంగు చూశాడు. పాలు పొయ్యని చిక్కటి టీ రంగు.

"ఇదేనా డాక్టరు చెప్పింది?" అన్నాడు బామ్మర్ది. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

వెనకాల చేట కింద పడిన చప్పుడైంది. పిలవకపోయినా ఆమె వచ్చి నిలబడి ఉంది.

*

ఆసుపత్రికి చేరేసరికి ఒళ్ళు పెనంలా కాలుతోంది. కళ్ళు పసుపు తిరిగాయి. నమూనా తీసుకుని ల్యాబ్ అక్క లోపలికి వెళ్ళింది. మెకానిక్ ఆమె వెనక నిలబడి ఆమె చేతుల వంకే చూస్తూ ఉండిపోయాడు. గొట్టాలను ఒక్కొక్కటిగా వెలుతురుకు ఎత్తి చూసింది. చివరికి ఒకదాన్ని దించలేదు.

"లేచింది," అంది. "ఇప్పుడు ఎంత గట్టిగా చూపిస్తోందో చూడు. కిడ్ అని, పరీక్షకు అందకుండా దాక్కునే రకం. ఇదేరా తమ్ముడూ నాకు దొరికింది. అప్పుడు సన్నగా, ఉందో లేదో అన్నట్టుంది. గంటసేపు దీనితో కుస్తీ పట్టాను. కంప్యూటర్లో ఎక్కించి ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాను. ఇన్ని నెలలూ ఆ గుర్తున్న సంచి తగలకపోవడం వాడి అదృష్టం."

కంప్యూటరు పోగొట్టినదాన్ని ఒళ్ళు ఇలా బయటపెట్టింది. సగం సంచి రక్తం లోపల విరిగిపోతే గానీ ఆ పేరు బయటికి రాలేదు.

ఆమె జాబితాలో చేర్చింది. సేవ్ నొక్కింది. పచ్చ టిక్కు పడింది. ఇద్దరిలో ఎవరూ ఆ టిక్కును చూడలేదు. మెకానిక్ వంగి డేటాబేస్‌నే నేరుగా అడిగాడు. గడిలో ఆ పేరు ఉంది.

"ఉందా?"

"ఉంది."

"ఇంకోసారి చూడు."

ఇంకోసారి చూశాడు.

పైన డాక్టరు దాపరికం లేకుండా మాట్లాడాడు. తగిన రక్తం తెప్పిస్తున్నామనీ, దాని గురించి భయం లేదనీ అన్నాడు. భయమంతా మూత్రపిండాల గురించే. విరిగిన రక్తమంతా వాటి మీదే పడింది. సెలైన్ వదులుతున్నాం, మూత్రం వస్తూ ఉంటే గట్టెక్కినట్టే, ఆగిపోతే రక్తం శుభ్రం చేసే డయాలిసిస్ మెషిను మీద పెట్టాలి, ఆ పైన ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేను అన్నాడు.

మంచం పక్కన కొక్కేనికి మూత్రం సంచి వేలాడుతోంది. అడుగున నల్లగా కొంచెం పేరుకుంది. గొట్టం చివర ఒక చుక్క పట్టుకుని ఉంది.

భార్య తమ్ముడి పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మెకానిక్ వైపు తిరిగింది.

"ఇప్పుడైనా రాసుకుందా మీ మెషిను?"

"రాసుకుంది."

"ఇకమీదట ఎవరికీ ఇలా కాదా?"

"ఇకమీదట కాదు." మాట ఆపి, నిజమే చెప్పాడు. "ముందు జరిగినవి ఇంకా ఎవరెవరికో తెలియదు. కొందరు ఫోన్ ఎత్తట్లేదు."

"అయితే ఇక్కడెందుకు కూర్చున్నారు? ఇక్కడ నేనున్నాను. మీరు వెళ్ళి వాళ్ళ ఇళ్ళు వెతకండి."

అతను కదల్లేకపోయాడు. ఆమె మళ్ళీ అంది, ఈసారి మెల్లగా. "వెళ్ళండి. వాళ్ళకూ అక్కలుంటారు."

బామ్మర్ది కళ్ళు మూసుకునే ఉన్నాడు. మెలకువగా ఉన్నాడో మగతలో ఉన్నాడో తెలియలేదు. మెకానిక్ లేచి, అతని నుదురు మీద చెయ్యి పెట్టి చూశాడు. ఇంకా కాలుతోంది. చిరునామాలు తీసుకోవడానికి తలుపు దాకా వెళ్ళి, ఆగి, మూత్రం సంచి వైపు చూశాడు. చుక్క పడింది. తర్వాతి చుక్క ఇంకా రాలేదు.

అది వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు. వచ్చాక మెట్లు దిగి వెళ్ళాడు.